చల్లారని పెనం

పిల్లలూ! పొయ్యి మీది నుంచి దించిన పెనం కాసేపటికి చల్లారిపోతుంది గదా. ఏళ్ళు గడిచినా చల్లారని పెనం ఉంటుందా?

అటువంటిది ఉన్నది. ప్లుటోనియం-238 అనే లోహం ఎవరూ మండించకుండానే వేడిగా ఉంటుంది. దాని పరమాణువులు చిన్న రేణువులను వేగంగా విసిరి, యురేనియంగా మారిపోతూ ఉంటాయి. ఆ రేణువులు చుట్టుపక్కల పరమాణువులను ఢీకొనటంతో వేడి పుడుతుంది.

మరి వేడి నుంచి విద్యుత్తు ఎలా వస్తుంది? 1821లో జర్మన్ శాస్త్రజ్ఞుడు సీబెక్ రెండు వేరువేరు లోహాల కొసలను కలిపి, ఒక అతుకును వేడిచేసి, రెండవదాన్ని చల్లగా ఉంచాడు. పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది! లోహాలలో విద్యుత్తు పారటమే అందుకు కారణమని తరువాత తెలిసింది.

1977లో అమెరికావారు వాయేజర్ 1, వాయేజర్ 2 అనే వ్యోమనౌకలను దూరగ్రహాలవైపు పంపారు. నెప్ట్యూన్ దగ్గర ఎండ మన ఎండలో 900వ వంతు మాత్రమే. అక్కడ ఎండతో పని జరగదు. అందుచేత ఒక్కొక్క నౌకలో మూడేసి ప్లుటోనియం జనరేటర్లు అమర్చారు. వాటిలో తిరిగే చక్రాలు లేవు. మూడూ కలిసి మొదట్లో ఇచ్చిన విద్యుత్తు సుమారు 470 వాట్లు. వంద వాట్ల బల్బులు అయిదింటికి కూడా అది చాలదు!

ఐతే ఒక చిక్కు ఉన్నది. ప్లుటోనియం 88 ఏళ్ళలో సగమైపోతుంది. జనరేటర్ల లోపలి అతుకులు కూడా మెల్లగా బలం తగ్గుతాయి. అందువల్ల ఏటా 4 వాట్ల చొప్పున విద్యుత్తు తరిగిపోతున్నది. నింపి వద్దామంటే అక్కడికి పోయేదెవరు?

గాదెలో గింజలు తరిగిపోతుంటే ఇల్లాలు ఏం చేస్తుంది? కొలిచి వాడుతుంది. శాస్త్రజ్ఞులూ అదే చేశారు. 1990 ఫిబ్రవరి 14న వాయేజర్ 1 వెనుదిరిగి మన భూమిని ఫోటో తీసింది. చిన్న చుక్కలా కనిపించింది భూమి! ఆ తరువాత దాని కెమెరాలను ఆపేశారు. 2025 ఫిబ్రవరిలో కాస్మిక్ కిరణాలను కొలిచే పరికరాన్ని కూడా ఆపారు. ప్రతిసారీ ఏది ఉంచాలి, ఏది వదులుకోవాలి అన్నదే ప్రశ్న.

ఏదో ఒకనాడు రేడియోకు కూడా విద్యుత్తు చాలక, వాయేజర్ మాట ఆగిపోతుంది. కాని 1977 నాటి ప్లుటోనియంలో సగం 2065 ప్రాంతం దాకా మిగిలే ఉంటుంది. మాట ఆగినా, ఆ పెనం మాత్రం చీకట్లో వెచ్చగానే ఉంటుందన్నమాట!