నమూనా విమానానికి తిథివారాలు

విమానపు బొమ్మ వేరు, విమాన నమూనా వేరు. ఈ భేదం ఎరుగనివారు రెండింటినీ ఒక్క గాటన కట్టి, పనిలేని వృద్ధుల కాలక్షేపంగా కొట్టిపారేయడం కద్దు. ముప్పై యేళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి పొందిన నావంటివాడు ప్లాస్టిక్ ముక్కలకు జిగురు పూస్తూ కూర్చోవడం కొందరు మిత్రులకు వింతగా తోచింది. మరికొందరికి అభ్యంతరకరంగానూ తోచింది. "యుద్ధవిమానాన్ని తెచ్చి పసివాడి చేతిలో పెట్టడమేమిటి మాస్టారూ?" అని వారు అడిగారు. సమంజసమైన ప్రశ్నే. నా సమాధానం ఇది: నమూనా అన్నది ఒక విమానజాతికి ప్రతికృతిగా ఉంటే చాలదు. అది ఒకానొక విమానానికి, ఒకానొక దినాన దానికున్న రూపానికి ప్రతికృతి కావాలి. అప్పుడది యుద్ధాన్ని కీర్తించే అలంకారంగా మిగలక, చరిత్రను మన ముందు నిలబెట్టే సాక్షి అవుతుంది.

ఉదాహరణకు నెదర్లాండ్స్ వైమానికదళపు హాకర్ హంటర్‌ను తీసుకుంటాను. మా అల్లుడు ఉద్యోగరీత్యా ఐన్‌ధోవెన్ నగరంలో ఉంటున్నాడు. మేము అక్కడికి వెళ్ళినప్పుడు మనుమడూ నేనూ కలిసి కట్టిన నమూనా ఇదే. ఈ విమానం పుట్టుక బ్రిటన్‌లో. సిడ్నీ కామ్ రూపకల్పన చేయగా, తొలి ప్రయోగవిమానాన్ని 1951 జులై 20న నెవిల్ డ్యూక్ గాలిలోకి లేపాడు. అదే విమానం మార్పులు పొంది 1953 సెప్టెంబరులో గంటకు సుమారు 1,171 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. రెండవ ప్రపంచయుద్ధంలో చితికిపోయిన డచ్చి విమాన పరిశ్రమ తిరిగి లేవడానికి ఊతమిచ్చిన పనులలో ఈ హంటర్ నిర్మాణం ఒకటి. ఫొకర్ సంస్థ అనుమతిపత్రంపై ఎఫ్.4 రకం 96, ఎఫ్.6 రకం 93 నిర్మించి తమ దేశపు దళానికి అందించింది. మొదటివాటి సంఖ్యలు ఎన్-101 నుండి ఎన్-196 వరకు, రెండవవాటివి ఎన్-201 నుండి ఎన్-293 వరకు సాగుతాయి. కనుక పాత ఛాయాచిత్రంలో సంఖ్య చదవగలిగితే చాలు, రకమేదో తెలిసిపోతుంది.

ఇక్కడే నా వృత్తి నాకు అక్కరకు వచ్చింది. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు అచ్చుప్రతిని గుడ్డిగా నమ్మడు. తాళపత్రాలు తిరగేస్తాడు, పాఠభేదాలు చూస్తాడు. పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ ముక్కలు అచ్చుప్రతి వంటివి. ఛాయాచిత్రాలు తాళపత్రాల వంటివి. ఎఫ్.6 రెక్కల ముందంచున, బయటివైపు సగంలో, కోరవంటి మెట్టు ముందుకు పొడుచుకుని కనబడుతుంది, ఎఫ్.4 అంచు సాధారణంగా తిన్నగా సాగుతుంది. తర్వాత వచ్చిన ఎఫ్.జి.ఎ.9 రకానికి తోకగొట్టం మీద బ్రేకు పారాచ్యూట్ గూడు ఉంటుంది. ఆ పెట్టె కొని డచ్చి ఎఫ్.6 కట్టదలచినవారు ఆ గూటిని తొలగించవలసి ఉంటుంది. ముక్కు కింద రెండు బుడిపెలు ఉంటాయి. తుపాకులు పేలేటప్పుడు రాలే తూటాల గొలుసుకట్టు ముక్కలను పట్టుకోవడానికి తర్వాతి కాలంలో చేర్చినవి అవి. మనం ఎంచుకున్న దినానికి అవి ఉన్నాయా లేవా అన్నది తేల్చుకోకుండా వాటిని అతికించడం, ప్రక్షిప్త పద్యాన్ని మూలంలో కలిపి అచ్చువేయడం వంటిదే.

పని స్వల్పమైనదేమీ కాదు. అసలు ఎఫ్.6 పొడవు సుమారు 14 మీటర్లు, రెక్కల విస్తీర్ణం సుమారు 10.26 మీటర్లు. 1/72 ప్రమాణంలో అది 19 సెంటీమీటర్ల పొడవుకు, 14 సెంటీమీటర్ల వెడల్పుకు దిగివస్తుంది, అరచేతిలో నిలుస్తుంది. కొంచెం పెద్దది కావాలనుకునేవారికి 1/48 ప్రమాణంలో ఎయిర్‌ఫిక్స్ సంస్థ 2018లో తెచ్చిన ఎఫ్.6 ఉంది. మొట్టమొదట చోదకుడి గది పూర్తిచేయాలి. దేహపు రెండు సగాలూ మూశాక అక్కడికి వేలు పోదు. మూసేముందు ముక్కులో సీసపు గుండ్లు దట్టించాలి. లేకుంటే విమానం తోకమీద కూలబడుతుంది. అతుకుల దగ్గర సందులను మక్కుతో నింపి, నీళ్ళకాగితంతో రుద్ది, రంగు వేయాలి. డచ్చి హంటర్ల పైభాగం బ్రిటిష్ వారి పద్ధతిలోనే ముదురాకుపచ్చ, ముదురు సముద్రపు బూడిదరంగుల పట్టీలతో ఉండేది.

చివరి ఘట్టం గుర్తులను అతికించడం. బ్రిటిష్ విమానగుర్తు ఒకదానిలో ఒకటి ఒదిగిన వలయాలు. దాన్ని ఎటు తిప్పి అంటించినా తప్పు కనబడదు. డచ్చి గుర్తు అలా కాదు. ఎరుపు, తెలుపు, నీలం రంగుల మూడు ఖండాలు చక్రంలా చుట్టూ అమరి, నడుమ నారింజరంగు బొట్టు ఉంటుంది. ఏ ఖండం ఎటు ఉండాలో చూసుకుని అతికించాలి. 1939లో చుట్టూ యుద్ధం కమ్ముకున్నప్పుడు, తాము తటస్థులమని దూరానికి తెలిసేలా ఆ దేశం ఈ చక్రాన్ని తీసి నారింజ త్రిభుజం పెట్టుకుంది. 1940 మే నెలలో జర్మనీ దండెత్తినప్పుడు ఆ త్రిభుజం ఏమీ కాపాడలేదు. యుద్ధానంతరం మళ్ళీ చక్రం వచ్చింది. నీళ్ళలో నానబెట్టి జార్చే గోరంత కాగితంలో ఇంత కథ ఉంది.

మన కొండపల్లి బొమ్మకూ ఈ నమూనాకూ ఉన్న తేడా ఇక్కడ చెప్పాలి. తెల్లపొణికి కర్రతో చెక్కి, చింతగింజల మక్కుతో అతికిన కల్లుగీత కార్మికుడు ఫలానా ఊరి ఫలానా వాడు కానక్కరలేదు. అతడు తన జాతి అంతటికీ ప్రతినిధి. ఆ బొమ్మ గొప్పదనం అదే. తర్కపరిభాషలో చెప్పాలంటే కొండపల్లి బొమ్మ జాతిని చూపుతుంది. నమూనా వ్యక్తిని చూపాలి. వ్యక్తి లేని యుద్ధవిమానపు బొమ్మ మాత్రం ప్రమాదకరమని నా అభిప్రాయం. దాని సొంపైన ఒంపులే కళ్ళకు మిగులుతాయి. అది ఎవరి ఆకాశంలో, ఎవరి కోసం, ఎవరిపైకి ఎగిరిందన్న సంగతి మరుగున పడుతుంది.

అందువల్ల మేము 322వ స్క్వాడ్రన్ హంటర్‌ను ఎంచుకున్నాం. 1943లో బ్రిటన్‌లో, స్వదేశం కోల్పోయిన డచ్చి వైమానికులతో ఏర్పడిన దళమిది. దాని చిహ్నం చిలుక. దాని నినాదానికి "మాటలు వద్దు, చేతలు కావాలి" అని అర్థం. మాట్లాడే పక్షిని పెట్టుకుని మాటలు వద్దనడంలోని చమత్కారానికి మనుమడు పకపక నవ్వాడు. 1960లో కారెల్ డోర్మన్ అనే విమానవాహక నౌక పన్నెండు హంటర్లను న్యూగినీలోని బియాక్ ద్వీపానికి చేర్చింది. ఈ దళం అక్కడ కాపలా కాసింది. వాడు నవ్వు ఆపి అడిగాడు: "తాతయ్యా, ఇది అంత దూరం ఎందుకెళ్ళింది? ఎవరినైనా చంపడానికా?"

పెట్టెమీది చిత్రం ఈ ప్రశ్న పుట్టించదు, తిథివారాలు పుట్టించాయి. సమాధానం చెప్పక తప్పలేదు. ఇండోనేషియా 1945 ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. నాలుగేళ్ళ పోరాటం తర్వాత 1949 డిసెంబరు 27న డచ్చివారు అధికారం అప్పగించారు గాని, న్యూగినీ పశ్చిమభాగాన్ని తమ వద్దే ఉంచుకున్నారు. ఆ చివరి తునకకు కాపలాగా పోయినవే ఈ హంటర్లు. తాము జర్మనుల ఆక్రమణలో అయిదేళ్ళు నలిగిన జాతి, విముక్తి పొందిన వెంటనే వేరొక జాతి విముక్తికి అడ్డునిలిచింది. 1962 ఆగస్టు 15న న్యూయార్క్‌లో ఒప్పందం కుదిరింది. కాల్పుల విరమణను పర్యవేక్షించిన ఐక్యరాజ్యసమితి పరిశీలకులకు నాయకత్వం వహించినవాడు మన బ్రిగేడియర్ ఇందర్‌జీత్ రిఖీ. 1963 మే 1న ఆ భూభాగం ఇండోనేషియా పాలనలోకి వెళ్ళింది. ఒప్పందంపై సంతకాలు చేసినవి ఆ రెండు దేశాలే; ఆ నేలమీద పుట్టిన పపువా ప్రజలు అందులో భాగస్వాములు కారు. 1969లో వారి అభిప్రాయం అడిగినప్పుడు కూడా ఎంపికచేసిన వెయ్యిమంది పైచిలుకు ప్రతినిధులనే అడిగారు. పదేళ్ళ పిల్లవాడు ఇదంతా విని, "అయితే అందరూ తప్పేనా?" అన్నాడు. ఆ ప్రశ్న వాడిలో మిగిలిపోవడమే మంచిదని నేను ఊరుకున్నాను.

ఈ కథకు మనవైపు కొనసాగింపు ఉంది. డచ్చివారు 1960వ దశకం ముగిసేలోగా హంటర్లను సేవనుండి తప్పించారు. హాకర్ సంస్థ నెదర్లాండ్స్, బెల్జియం దేశాల హంటర్లను తిరిగి కొని, మరమ్మతుచేసి ఇతర దేశాలకు అమ్మింది. వాటిలో కొన్ని భారతదేశానికి వచ్చాయి. 1957లోనే హంటర్లను కోరుకున్న మన వైమానికదళం వాటిని 1965, 1971 యుద్ధాలలో వాడింది. 1971 డిసెంబరు 5న లోంగేవాలా వద్ద పాకిస్తాన్ ట్యాంకులను నిలువరించినవి జైసల్మేరునుండి లేచిన హంటర్లే. అంటే ఒకే లోహశరీరం పూర్వాశ్రమంలో వలసరాజ్యపు ఆస్తి, ఉత్తరాశ్రమంలో వలసపాలన వదిలించుకున్న దేశపు రక్షకభటుడు. యంత్రానికి స్వధర్మం లేదు. దాన్ని నడిపించిన కాలానికీ, దేశానికీ ఉంది. తిథివారాలు లేకుండా "ఇది హంటర్" అని చెప్పడం ఎంత అసంపూర్ణమో ఇంతకంటే నిరూపణ అక్కరలేదు.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. ఇంత పట్టింపు ఉంటే వినోదం చచ్చిపోదా, చిన్న పొరపాటుకు ప్రతివాడూ దోషి కాడా అని. మూలవిధేయత అంటే లోపరాహిత్యం కాదని నా మనవి. లీవార్డెన్‌లో ఒక డచ్చి సంస్థ ఒకనాటి బ్రిటిష్ హంటర్‌ను సంపాదించి ఎగిరేస్థితికి తెచ్చింది. తమ దేశపు రంగులు వేసి దానికి ఎన్-294 అని సంఖ్య పెట్టింది. ఫొకర్ కట్టినవాటిలో చివరిది ఎన్-293. అంటే ఎన్-294 ఎన్నడూ లేని విమానం. దీన్ని అబద్ధమని అందామా? నేను అనను. మరో విమానం పేరు దొంగిలించకుండా, వరుసలో తర్వాతి అంకె తీసుకుని, తాను కొత్తగా చేరినదాన్నని తెలిసినవారికి అదే చెప్పుకుంటోంది. తాను ఏమిటో దాచని కల్పన కూడా సత్యపక్షానిదే.

కనుక అభ్యంతరం చెప్పిన మిత్రులకు నా విన్నపం ఒక్కటే. పిల్లలకు యుద్ధవిమానం ఇవ్వవద్దని శాసించడంకంటే, ఇచ్చినదానికి ఊరూ పేరూ సంవత్సరమూ చేర్చి ఇవ్వడం మేలు. అద్దాల బీరువాలో మా హంటర్ పక్కన అంగుళం వెడల్పు చీటీ ఉంది. దళం, స్థలం, కాలం మూడు ముక్కల్లో రాసి ఉన్నాయి. ఇంటికి వచ్చినవారు ముందు విమానాన్ని మెచ్చుకుంటారు, తర్వాత చీటీ చదివి, "బియాక్ ఎక్కడ?" అని అడుగుతారు. అట్లాసు తెచ్చి చూపించే పని మా మనుమడిది.