మురుగు ఇంట్లోకి వస్తే బాధ్యత ఎవరిది?

గట్టి వర్షం కురిసినప్పుడు హైదరాబాదు పాతబస్తీలోని పల్లపు వీధుల్లో మురుగు వీధికే పరిమితం కాదు. మరుగుదొడ్లలోంచి, స్నానపుగదుల జాలీల్లోంచి ఇళ్లలోకి ఎగదన్నుతుంది. నమాజుకు శరీరం, దుస్తులు, స్థలం మూడూ పాక్‌గా ఉండాలి. ఇల్లే మురుగైనప్పుడు ఆ కుటుంబానికి తిండీ నిద్రా మాత్రమే కాదు, ఇబాదత్ కూడా కష్టమవుతుంది. అయినా కిరాయిదారులు చాలామంది నోరు విప్పరు. అడిగితే ఖాళీ చేయమంటారేమోనన్న భయం. ముస్లిం కుటుంబానికి మరోచోట ఇల్లు దొరకడం ఎంత కష్టమో తెలిసిన భయం.

ముందుగా లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. వీధి మ్యాన్‌హోల్ పొంగుతూ, ఇరుగుపొరుగు ఇళ్లలోనూ అదే స్థితి ఉంటే అడ్డంకి ప్రధాన లైనులో ఉన్నట్టు. అది జలమండలి పని. 155313కు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్యను రాసుకోవాలి. వీధిలో నీరు సాఫీగా పోతూ మన ఇంట్లోనే నిలిచిపోతే లోపం ఇంటి పైపుది. అప్పుడు యజమానికి తేదీ వేసి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. నోటిమాటకు ఏ దఫ్తరులోనూ ఫైలుండదు. యజమాని తాను చేయించవలసిన మరమ్మతును నోటీసు అందిన తరువాత తగిన గడువులో చేయించకపోతే, కిరాయిదారు చేయించుకుని ఆ ఖర్చును కిరాయిలో మినహాయించుకోవచ్చునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతున్నది. ఒప్పందంలో వేరే షరతు ఉంటే అదే చెల్లుతుంది. కనుక డ్రైనేజీ మరమ్మతు ఎవరిదో కిరాయినామాలోనే రాయించుకోవాలి.

ఎంత తొందర ఉన్నా కూలీని మ్యాన్‌హోల్‌లోకి దించరాదు. రక్షణ పరికరాలు లేకుండా దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మన ఇల్లు పాక్ కావడానికి మరొకరి ప్రాణం మూల్యం కారాదు. సంపులో మురుగు కలిసిందేమో చూడకుండా ఆ నీరు తాగరాదు. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది. పిల్లలున్న ఇంట మరింత జాగ్రత్త అవసరం.

పాతబస్తీ ఇళ్ల యజమానుల్లో అనేకులు మనవారే. వారితో ఒక మాట. ముస్లిములమని ఇల్లివ్వని వారిని మనం ప్రశ్నిస్తున్నాం. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని మురుగు గురించి అడిగిన పాపానికి మన కిరాయిదారునే మనం ఖాళీ చేయిస్తే ఆ ప్రశ్నకు బలమెక్కడిది? కిరాయి తీసుకోవడం హక్కయితే, మనిషి ఉండదగిన ఇల్లివ్వడం బాధ్యత.

వర్షాకాలానికి ముందే లైన్ల పూడిక తీయించమని ప్రతి మొహల్లా నుంచి జలమండలికి ఉమ్మడి అర్జీ వెళ్లేలా మస్జిద్ కమిటీలు చూడాలి. ఆ అర్జీపై మొదటి సంతకం ఇళ్ల యజమానులదే కావాలని కోరుతున్నాం.