కండ పంపే కబురు

పోయిన నెల ఆఫీసులో అందరికీ హెల్త్ చెకప్ చేయించారు. నాకేముంటుందిలే అనుకుంటూ ఫోన్‌లో రిపోర్టు ఓపెన్ చేశా. హెచ్‌బీఏ1సీ 6.1! ఇది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగరు గుమ్మం దాకా వచ్చినట్టే. నాకింకా 29 ఏళ్లే.

మా నాన్నకు పదేళ్లుగా షుగరు. రాత్రి భోజనం కాగానే వీధి చివరిదాకా నడిచొస్తారు. "ఆ పది నిమిషాలకి ఏం కరుగుతుంది నాన్నా?" అని నవ్వేవాణ్ని. రిపోర్టు చూశాక నవ్వు ఆగి, చదవడం మొదలైంది.

వ్యాయామం అంటే క్యాలరీల లెక్క ఒక్కటే కాదట. కదిలే కండ రక్తంలోకి కొన్ని కబుర్లు కూడా పంపుతుంది. వాటిని మయోకైన్లు అంటారు. 2012లో అమెరికాలోని హార్వర్డ్‌కు చెందిన బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం అలాంటి ఒక హార్మోన్‌కు ఐరిసిన్ అని పేరు పెట్టింది. గ్రీకు పురాణాల్లో దేవతల కబుర్లు మోసే ఐరిస్ పేరే అది. ఎలుకల్లో ఐరిసిన్ పెంచితే తెల్ల కొవ్వు కొంత వేడి పుట్టించే కొవ్వులా మారింది, షుగరు అదుపు మెరుగైంది. మనుషుల్లో ఎంత పనిచేస్తుందన్న దానిపై మాత్రం శాస్త్రవేత్తల్లో వాదన ఉంది. అందుకే 'ఐరిసిన్ పెంచే పొడి' అంటూ ఎవరైనా డబ్బా చూపిస్తే కొనకండి.

వాదన లేని సంగతి ఇంకోటుంది. రక్తంలోని గ్లూకోజ్‌ను కండలోకి చేరవేసేది గ్లూట్4 అనే ప్రొటీన్. మామూలుగా ఇన్సులిన్ పిలిస్తేనే అది కణం అంచుకు వస్తుంది. షుగరు ఉన్న చాలామందిలో ఆ పిలుపు సరిగా అందదు. కానీ కండ పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్‌తో పనిలేకుండానే గ్లూట్4 బయటికొస్తుంది. వీధి తలుపు మొరాయిస్తే పెరటి తలుపు తీసినట్టన్నమాట! పైగా ఆ తర్వాత ఒకటి రెండు రోజులు కండ ఇన్సులిన్ మాట బాగా వింటుంది. ఆ తర్వాత మళ్లీ మొదటికే. ఆదివారం ఒక్కరోజు జిమ్‌లో ఇరగదీసి, వారమంతా కుర్చీకి అతుక్కుపోతే లాభం నిలవనిది అందుకే.

ఒక జాగ్రత్త. నడుస్తున్నాం కదా అని మందులు మానొద్దు. ఇన్సులిన్ గానీ షుగరు మాత్రలు గానీ వాడేవాళ్లు వ్యాయామం పెంచేముందు డాక్టర్‌ని అడగాలి. కొన్ని మందులతో షుగరు మరీ పడిపోవచ్చు.

ఇప్పుడు రాత్రిళ్లు నాన్నతో నేనూ నడుస్తున్నా. "ఏం కరుగుతుందిరా?" అని ఆయన నవ్వుతున్నారు. మూడు నెలలకి మళ్లీ టెస్టు. నంబరెంతొచ్చినా ఇక్కడే చెప్తా. ఈలోగా మీరు ఫోన్ పక్కన పెట్టి ఓ పది నిమిషాలు నడిచి రండి.