కంప్యూటర్ కబుర్లు: వైరు ఉంది, లైటు లేదు!

ఈసారి కబురు సర్వర్ గురించి. పెద్ద మాటలా ఉందని పిల్లలు పేజీ తిప్పేయకండి. సర్వర్ అంటే ఆఫీసులో అందరి ఫైళ్ళూ దాచే కంప్యూటర్, అంతే. ఇందులో చెప్పే కిటుకు మీ ఇంటి కంప్యూటర్‌కూ పనికొస్తుంది.

ఖతార్ ఉత్తరపు కొసన, సముద్రం ఒడ్డున, అల్ రువైస్ ఉంది. అక్కడ ఒక చిన్న ఆఫీసులో సరిగ్గా జీతాల రోజున సర్వర్ తెరమీద ఎర్ర గుర్తు పడింది. 'నెట్‌వర్క్ కేబుల్ అన్‌ప్లగ్డ్' అంటోంది. కేబుల్ మాత్రం కళ్ళెదుటే బిగించి ఉంది! జీతాల పట్టీ అందులోనే ఉంది. ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్ళు గుమ్మం దగ్గర ఎదురుచూస్తున్నారు. నేను వెళ్ళేసరికి డ్రైవర్ రెండుసార్లు మార్చేశారు, ఇక విండోసే మళ్ళీ ఎక్కిద్దామంటున్నారు.

ఆగమన్నాను. ఎందుకంటే నెట్‌వర్క్ కార్డుకు కళ్ళుండవు, చెవులే. వైరు రెండు చివర్లా ఉన్న యంత్రాలు సెకనుకు అరవైసార్ల దాకా చిన్న విద్యుత్ సంకేతాలతో ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. అవతలి నుంచి పలుకు రాకపోతే కార్డు 'కేబుల్ లేదు' అనేస్తుంది. అంటే అసలు అర్థం 'నాకేమీ వినపడటం లేదు' అని. అందుకే వెతకడం కిందినుంచి మొదలుపెట్టాలి.

1. సాకెట్ పక్కనున్న చిన్న లైటు చూడండి. అవతల స్విచ్‌కు కరెంటు ఉందా?

2. సర్వర్ వెనక రెండు మూడు సాకెట్లుంటాయి. ఎర్ర గుర్తు పడిందీ, వైరు పెట్టిందీ ఒకదానికేనా?

3. బాగా పనిచేస్తున్న వైరు తెచ్చి పెట్టండి. తర్వాత స్విచ్‌లో సాకెట్ మార్చండి. రాగి వైరు 100 మీటర్లు దాటకూడదు.

4. వేగం సెట్టింగు రెండువైపులా 'ఆటో'లో ఉంచండి. డ్రైవర్, కార్డుల సంగతి ఆ తర్వాతే.

మాకు మూడో మెట్టులోనే లైటు వెలిగింది. పాత ప్లగ్గులోని ఎనిమిది పలుచని లోహపు రేకుల్లో కొన్ని పచ్చబడ్డాయి. మన రాగి చెంబుకు పట్టే చిలుమే! ఏడాది పొడవునా ఉప్పుగాలి, తేమ ఉండే ఊరు కదా. కొత్త వైరు వేశాక జీతాల పట్టీ ఆ సాయంత్రమే వెళ్ళింది. సముద్రతీరాల్లో ఉండేవాళ్ళు ప్లగ్గులను అప్పుడప్పుడూ తీసి చూసుకోవడం మంచిది.

2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రగర్భ కేబుళ్ళు దెబ్బతిని, ఇండియాలోనూ గల్ఫ్‌లోనూ ఇంటర్నెట్ బాగా మందగించింది. అప్పుడూ ఓడలు వెళ్ళి, కేబుల్‌ను పైకి తీసి అతికితేనే పని జరిగింది. తెగిన వైరును ఏ సాఫ్ట్‌వేరూ కలపలేదు.

పిల్లలూ, మీకో పని. అమ్మనో నాన్ననో అడిగి, రౌటర్ నుంచి మీ కంప్యూటర్‌కు వచ్చే వైరును ఒకసారి తీసి పెట్టండి. లైటు మళ్ళీ వెలగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. ఆ రెండు పెట్టెలూ ఒకదాన్నొకటి పలకరించుకునే సమయమే అది!

వచ్చే సంచికలో మరో కబురుతో కలుద్దాం.