చేతిలో సీటు, జాబితాలో పేరు



ఈ హాస్టల్‌లో ఒకే గదిలో పెట్టెలు పెట్టుకుని చదువుకున్న ముగ్గురం మేము. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం. మాలో ఇద్దరి పీజీ ఈ ఏడాదితో పూర్తవుతుంది. ఒకరు ఇంకా మొదటి సంవత్సరంలోనే ఉన్నారు. అలా ఎందుకైందో మీకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ రాశాం. రెండింటి కౌన్సెలింగ్ తేదీలు వేరు. ముందు రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. కోరుకున్న చోట మాత్రం వెయిటింగ్ లిస్టులో పేర్లు వచ్చాయి. నాలుగు రోజుల్లో ఫీజు కట్టకపోతే వచ్చిన సీటు పోతుంది. ఇంట్లో అడిగితే "మాకేం తెలుసు బిడ్డా, నీ ఇష్టం" అన్నారు. అమ్మలు సంఘంలో అప్పు తెచ్చి ఇచ్చిన డబ్బులవి. రెండోసారి రావు.

ఇద్దరం చేరిపోయాం, ఒకరు ఆగారు. ఆగిన మిత్రుడి ముందు పేరు దాకా వచ్చి లిస్టు నిలిచిపోయింది. మబ్బులో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకున్నాడని ఊళ్లో అన్నారు. ఏడాదంతా కూలి పనికి పోయి మళ్లీ పరీక్ష రాశాడు. చేరిన ఇద్దరిలో ఒకరికి నెల తర్వాత పిలుపొచ్చింది. కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఉన్నాయి. ఇవ్వమన్నారు, ఫీజూ రాదన్నారు. నోరు మూసుకుని వచ్చేశాం.

యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చిందని తర్వాత తెలిసింది. ఒరిజినల్స్ పరిశీలించి తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదు. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు ముందే మానుకుంటే గరిష్ఠంగా 5 వేల రూపాయలకు మించకుండా 5 శాతం మాత్రమే పట్టుకోవాలి. ఆలస్యమయ్యే కొద్దీ కోత పెరుగుతుంది, చివరి తేదీ దాటి 30 రోజులైతే ఏమీ రాదు. ఈ ముక్క ముందే తెలిసి ఉంటే ఆ రోజు గట్టిగా అడిగేవాళ్లం.

అందుకే మా అభిప్రాయం ఇది. డబ్బున్నవాళ్లకు ఎదురుచూపు ఓపికతో పోతుంది, మనకు ఏడాది కూలితో పోతుంది. చేతికొచ్చిన సీటులో చేరండి. లిస్టులో పేరు మాత్రం తీయించుకోకండి. ఫీజు కట్టేముందే వాపసు గడువు అడిగి రాసుకోండి, ఒరిజినల్స్ తిరిగి తెచ్చుకోండి. పిలుపు రాకపోతే చేరిన చోటే మనసు పెట్టి చదవండి.

స్కాలర్‌షిప్ గడువు తీరి 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి వచ్చిన డాక్టర్ అంబేడ్కర్ 1920లో మళ్లీ వెళ్లారు, 1923లో డీఎస్సీ సాధించారు. ఒకసారి మూసుకున్న తలుపు ఎప్పటికీ మూసుకున్నట్టు కాదు.

వార్డెన్ గారికి ఒక మనవి. ఏటా ప్రవేశాలకు ముందు ఒక ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టండి. బస్సు చార్జీలు మేమే పెట్టుకుని వస్తాం.