బడికి ప్యానల్ వచ్చింది, టీచరుకు తీరికేదీ?

తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు, విద్యాశాఖ అధికారులకు, ప్రజాప్రతినిధులకు హైస్కూలు ఉపాధ్యాయుల విన్నపం

ప్రతి హైస్కూలు టీచరుకూ డిజిటల్ పాఠం సిద్ధం చేసుకోవడానికి వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్లోనే కేటాయించాలి. ఫొటోలు, అప్‌లోడ్లు, వివరాలు నింపే పని టీచరు ఫోను మీద నుంచి తీసేసి, దానికి వేరే మనిషిని పెట్టాలి. నెట్ ఉన్నా లేకపోయినా నడిచే పాఠ్యసామగ్రి తెలుగులో ప్రతి బడికీ చేరాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలను మేం అడుగుతున్నది ఇదే. కొత్త సామాను కొనమని అడగడం లేదు. కొన్నదాన్ని పిల్లలకు ఉపయోగపడనివ్వమంటున్నాం.

సామానుకు మన బడుల్లో ఎప్పుడూ డబ్బు దొరికింది. ఉమ్మడి రాష్ట్రంలో వేల హైస్కూళ్లకు కంప్యూటర్ ల్యాబులు వచ్చాయి. వాటిని నడిపే బాధ్యత ప్రైవేటు ఏజెన్సీలది. ఒప్పందం గడువు తీరింది, ఇన్‌స్ట్రక్టర్లు వెళ్లిపోయారు, ఎన్నో బడుల్లో ఆ గదులకు తాళాలు పడ్డాయి. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 8వ తరగతి పిల్లలకు దాదాపు 4.6 లక్షల ట్యాబ్‌లు పంచారు. అందులోని పాఠాలు ఒక ప్రైవేటు సంస్థవి. 2024 జులైలో ఆ సంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ఇప్పుడు తరగతి గదుల్లో పెద్ద టచ్ ప్యానళ్లు ఉన్నాయి. ల్యాబులకు, ట్యాబ్‌లకు పట్టిన గతి వీటికీ పట్టకూడదనే ఈ కరపత్రం వేస్తున్నాం.

ఆ ప్యానల్ వల్ల ఏం జరగగలదో పదో తరగతి విద్యుత్ పాఠం చెప్పేటప్పుడు చూడండి. చాలా బడుల్లో అమ్మీటర్ ఉంటే పని చేయదు, పని చేస్తే నలభై మందికి ఒక్కటే ఉంటుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ కంప్యూటర్ ప్రయోగాలు ఉచితం. ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. అందులోని వలయాల ప్రయోగం తీస్తే బ్యాటరీ, తీగ, బల్బు వేలితో లాగి కలపొచ్చు. వలయం పూర్తి కాగానే తీగలో నీలం చుక్కలు కదులుతాయి, అవే ఎలక్ట్రాన్లు. వోల్టేజి పెంచితే చుక్కల వేగం పెరుగుతుంది, బల్బు వెలుగు పెరుగుతుంది. ఎవరో ఒక పిల్లవాడు బల్బు తీసేసి బ్యాటరీ రెండు చివరలనూ తీగతో కలిపేస్తాడు. తెర మీద మంటలు లేస్తాయి. క్లాసంతా గొల్లుమంటుంది. "ఇంట్లో ఇలా కాకుండా ఏది ఆపుతుంది?" అని టీచరు అప్పుడు అడగాలి. ఫ్యూజు ఎందుకో ఇక ఎవరూ బట్టీ పట్టనక్కర్లేదు.

ఆ ప్రశ్న ఆ క్షణంలోనే అడగాలంటే టీచరు ముందు రోజు దాన్ని తానే చేసి చూసుకోవాలి. ప్రయోగం దించుకోవాలి, తమ బడి ప్యానల్లో నడుస్తుందో లేదో పరీక్షించాలి, ఎక్కడ ఆపి "ఇప్పుడేమవుతుందో చెప్పండి" అనాలో నిర్ణయించుకోవాలి. పాత అమ్మీటరుతో చేయించాల్సిన భాగం ఏదో కూడా వేరు చేసుకోవాలి, ఎందుకంటే తీగ చేత్తో బిగించిన అనుభవం తెర ఇవ్వదు. దీనికి కనీసం గంట పడుతుంది. గణితంలోనూ అంతే. జియోజెబ్రా సాఫ్ట్‌వేర్‌లో వర్గ బహుపది గ్రాఫు గీసి, ఎక్స్ స్క్వేర్ గుణకాన్ని జరుపుతూ పోతే పరావలయం ఇరుకవుతుంది, వెడల్పవుతుంది, గుణకం సున్నా దాటి రుణాత్మకమైతే తలకిందులవుతుంది. చూపించడానికి ఐదు నిమిషాలు చాలు. ఏది చూపించాలో ఆలోచించుకోవడానికి సాయంత్రమంతా కావాలి.

ఆ సాయంత్రం ఎటు పోతోంది? మధ్యాహ్న భోజనం లెక్క, హాజరు, యూడైస్‌లో నింపే బడి వివరాలు, ఇంకా ఎప్పుడు ఏ ఆదేశం వస్తే అది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపే పని కూడా టీచర్లే చేశారు. సర్వర్ బిజీ అని ఫోను తిప్పుతూ కూర్చున్న టీచరును పిల్లలు రోజూ చూస్తున్నారు. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు టీచర్లను వాడకూడదని 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఈ వివరాలు నింపే యాప్‌లన్నిటినీ ఒక్కటిగా కలపడం మంచిదే, కాని నింపే పనిని కూడా తగ్గించాలి. నాలుగైదు బడులకు కలిపి ఒక డేటా ఆపరేటరును పెడితే కొందరు నిరుద్యోగులకు ఉపాధి దొరుకుతుంది, పిల్లలకు టీచరు దక్కుతారు.

టీచర్లకు శిక్షణ ఇస్తూనే ఉన్నాం కదా అని అధికారులు అంటారు. జాతీయ విద్యా విధానం 2020 కూడా ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది. ఆ గంటలు ఎలా గడుస్తున్నాయన్నదే మా బాధ. వందల మందిని ఒక వెబినార్‌లో కూర్చోబెట్టి స్లైడ్లు చదివితే చేయి తిరగదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఫిజిక్స్ టీచర్లు పది మంది ఒక ప్యానల్ ముందు చేరి, వచ్చే నెల పాఠాన్ని కలిసి తయారుచేస్తే తిరుగుతుంది. కేరళ 2001లో ఐటీ ఎట్ స్కూల్ మొదలుపెట్టి, టీచర్లలోంచే శిక్షకులను తయారుచేసుకుంది, ఉచిత సాఫ్ట్‌వేర్ వాడింది. 2018లో 45 వేల తరగతి గదులను హైటెక్ చేయడం మొదలుపెట్టేనాటికి ఆ రాష్ట్ర టీచర్లకు పదిహేనేళ్లకు పైగా అలవాటుంది. మనం ముందు పెట్టె కొని, తర్వాత మనిషిని వెతుకుతున్నాం.

తెలుగు సంగతి విడిగా చెప్పాలి. స్లిప్ టెస్ట్ పేపరు కోసం ఇప్పటికీ డీటీపీ సెంటరుకు వెళ్లే టీచర్లున్నారు. అక్కడ అను ఫాంట్లలో కొట్టిన పేపరు ఆ ఫాంట్లు లేని ఇంకో కంప్యూటర్లో తెరిస్తే అర్థం లేని గుర్తులే మిగులుతాయి. మరుసటి ఏడాది అదే ప్రశ్న మళ్లీ కొట్టించాలి. యూనికోడ్‌లో తెలుగు టైపింగ్ ప్రతి టీచరుకూ నేర్పితే ఒక్క ఏడాదిలో ప్రతి సబ్జెక్టుకూ అందరూ పంచుకోగల ప్రశ్నల నిధి తయారవుతుంది. ఇంత చిన్న పనితో ఇంత పెద్ద ఫలితం ఇచ్చేది మరొకటి మాకు కనబడలేదు. పుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు, 2017లో వచ్చిన దీక్ష డిజిటల్ పాఠాల వేదిక ఉపయోగమే. కాని మారుమూల బడిలో సిగ్నల్ లేని రోజు, ముందే దించుకోకపోతే అవి తెరుచుకోవు. టీచర్లు సొంతంగా చేసుకున్న మంచి వీడియోలు, వర్క్‌షీట్లు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చి పోతున్నాయి. రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి వాటిని ఏరి, తప్పులు దిద్ది, తయారుచేసినవారి పేరుతోనే, పెన్‌డ్రైవ్‌లో వేసి ఏడాదికి రెండుసార్లు ప్రతి బడికీ పంపాలి. ప్యానల్‌కు దాన్ని గుచ్చే చోటు ఉంది.

తల్లిదండ్రులు ఈ నెల స్కూలు కమిటీ సమావేశంలో మూడు సంగతులు అడగండి: ప్యానల్ వారంలో ఎన్ని పీరియడ్లు వాడారు, వాడకపోతే ఏం అడ్డొచ్చింది, టీచర్లు రోజుకు ఎంతసేపు అప్‌లోడ్ల మీద ఉంటున్నారు. జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించండి. పైన అడిగిన వాటి మీద తీర్మానం చేసి, ఒక నకలు మండల విద్యాధికారికి, మరొకటి జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి ఇచ్చి రసీదు తీసుకోండి.