మనిషిని దించేస్తే అప్పగించినట్టేనా?

మేకల మందను కాపరికి అప్పగించేటప్పుడు కూడా మేం లెక్క చెప్తాం. ఎన్ని ఉన్నాయి, ఏది చూడిది, ఏది కుంటుతోంది, ఏది నిన్నటి నుంచి మేత ముట్టలేదు, అన్నీ చెప్పి, అవతలి మనిషి విన్నాడని తెలిశాకే వెనక్కి తిరుగుతాం. మరి మా మనుషులను ఆసుపత్రిలో ఎలా అప్పగిస్తున్నారు? 108 బండి క్యాజువాలిటీ ముందు ఆగుతుంది. స్ట్రెచర్ మారుతుంది. ఒక సంతకం పడుతుంది. బండి వెళ్లిపోతుంది. మనిషి లోపలికి పోతాడు గానీ, అతనికి ఏం జరిగిందన్న కబురు గుమ్మం బయటే ఉండిపోతుంది.

పట్నంలో రోగి ఇంటి దగ్గర బండెక్కితే ఆసుపత్రిలోనే దిగుతాడు. మా కొండల్లో అలా కాదు. డోలీ మోసిన వాళ్ల నుంచి ఫీడర్ అంబులెన్సుకు, అక్కడి నుంచి పీహెచ్‌సీకి, మళ్లీ 108లో ఏరియా ఆసుపత్రికి, అక్కడా కుదరకపోతే పెద్దాసుపత్రికి. చేయి మారిన ప్రతిచోటా కొంత సంగతి జారిపోతుంది. పాము ఎప్పుడు కరిచింది, పీహెచ్‌సీలో విషం విరుగుడు మందు ఎన్ని వయల్స్ ఎక్కించారు? గర్భిణికి ఫిట్స్ ఎన్నిసార్లు వచ్చాయి, మెగ్నీషియం సల్ఫేట్ ఎప్పుడు, ఎంత ఇచ్చారు? ఇచ్చిన మందే మళ్లీ ఇస్తే ఒక ప్రమాదం, ఇచ్చేశారనుకుని ఆపితే ఇంకో ప్రమాదం. సికిల్‌సెల్ ఉన్న కుర్రవాడు నొప్పితో మెలికలు తిరుగుతుంటే, ఆ ఒక్క మాట చెప్పేవాళ్లు లేక, నటిస్తున్నాడనో తాగొచ్చాడనో అనిపించుకుంటాడు.

ఈ సంగతులు తెలిసిన మనిషి లేకపోలేదు. డోలీ వెనకే నడిచొచ్చిన తల్లి ఉంది, అన్న ఉన్నాడు. వాళ్లను గేటు దగ్గరే ఆపేస్తారు. లోపలికి రానిచ్చినా వాళ్లు మాట్లాడేది కువి, కోయ, గోండి, సవర. ఆ మాట అర్థం కాక ‘వీళ్లకేమీ తెలీదు’ అంటారు. తెలియనిది ఎవరికి?

108 సిబ్బందితో మాకు తగాదా లేదు. ఘాట్ రోడ్డు మీద కదిలే బండిలో కాన్పులు చేసిన చేతులవి. మంచం ఖాళీ లేదని ఆసుపత్రి వాళ్లు స్ట్రెచర్‌ను ఆపేస్తే, ఆ బండీ అక్కడే ఇరుక్కుంటుంది. అదే సమయంలో ఇంకో డోలీ కొండ దిగి రోడ్డు పక్కన ఎదురుచూస్తూ ఉంటుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైన నాటి నుంచి, బండి ఎన్ని నిమిషాల్లో వచ్చిందన్న లెక్కే గొప్పగా వింటున్నాం. వచ్చిన రోగిని ఎన్ని నిమిషాల్లో చేతిలోకి తీసుకున్నారన్న లెక్క ఏది?

మంచాలు లేవన్న సాకు చట్టం ముందు నిలవదు. 1992లో రైలు నుంచి పడి తలకు దెబ్బతగిలిన హకీం షేక్ అనే వ్యవసాయ కూలీని కలకత్తాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి తర్వాత మరొకటి తిప్పి పంపాయి. అత్యవసర వైద్యం సకాలంలో అందించకపోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని, నిధులు లేవన్న మాట చెల్లదని 1996లో సుప్రీంకోర్టు ఆ కేసులో తేల్చింది.

రద్దీలో వినే తీరిక లేదంటారు. నాలుగు ముక్కలు వినడానికి పట్టే సమయం, వినకుండా మొదటి నుంచి వెతుక్కునే సమయం కంటే చాలా తక్కువ. నాటువైద్యం చేయించి ఆలస్యంగా తెస్తారంటారు. దానికి తిడితే, రేపు వచ్చేవాళ్లు ఏ వేరు నూరి పోశారో చెప్పకుండా దాచేస్తారు. అప్పుడు నష్టపోయేది వైద్యమే.

మేం అడిగేవి కొండంత కోరికలు కావు. బండి వచ్చిన సమయం, రోగిని తీసుకున్న సమయం రెండూ రాసి ఇద్దరూ సంతకం చేయాలి. దారిలో ఇచ్చిన మందుల కాగితం రోగి కేస్‌షీట్‌కు జతపడాలి. అది రాసి ఊరుకోకుండా నోటితోనూ చెప్పాలి, డాక్టరో నర్సో నిలబడి వినాలి. రోగి వెంట వచ్చిన మనిషిని అప్పగింత పూర్తయ్యేదాకా లోపల ఉండనివ్వాలి. సీతంపేట నుంచి ఉట్నూరు దాకా ఐటీడీఏల పరిధిలోని ప్రతి పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో, రాత్రీ పగలూ మా భాష తెలిసిన మనిషి ఉండాలి. చదువుకున్న మా పిల్లలు ఊళ్లలో ఉద్యోగాలు లేక ఖాళీగానే ఉన్నారు.

దారి లేనిచోట మా మనిషిని మేం భుజాల మీద మోసుకొచ్చాం. ఆసుపత్రి గుమ్మం దగ్గర పోగొట్టుకోవడానికి కాదు.